మేనరికపు కావలి

మామగారికి కోడలి మీద కన్నా తూనిక మీద మమకారం ఎక్కువని సువర్చల ఫిర్యాదు. ఫిర్యాదంటే ఎవరి దగ్గరా చేసింది కాదు. పొద్దున్నే ఇడ్లీ రేకుల్లో పిండి వేస్తూ ఆ రేకులతోనే చెప్పుకుంటుంది. చయనులు గారు భుజాన తువ్వాలుతో వంటింట్లోకి వస్తారు. కోడలు అక్కడొక స్తంభమైనట్టు ఆమె పక్కనుంచి తప్పుకుని వెళ్లి, గోడకున్న పలక ముందు నిలబడతారు.

"ఏమ్మా తూనికా, రాత్రంతా బాగా సాగిందా?"

"జిల్లా అంతటా గమనము సక్రమముగా జరిగినది. మీ సూత్రమునకు అభ్యంతరములు లేవు," అంటుంది పలక, పాతకాలపు పాఠ్యపుస్తకం గొంతుతో.

"విన్నావా!" అని ఆయన పొంగిపోయి, ఎవరిచ్చారో చూడకుండానే కాఫీ గ్లాసు అందుకుంటారు.

కోడలికి నిన్నటినుంచి నడుము పట్టేసిందని ఆయనకు తెలియదు. తెలిసింది తూనికకే. నిన్న మధ్యాహ్నం రెండుసార్లు "మీ ఆసనభంగిమ సవ్యముగా లేదు" అని హెచ్చరించింది. ఆ లెక్కన ఈ ఇంట్లో తన బాగోగులు కనుక్కునేది కూడా అదొక్కటేనని సువర్చలకు తోచి, ఫిర్యాదు మరుసటి రోజుకి వాయిదా పడింది.

ఇడ్లీలు దింపేసరికి పలక మీద గడప పిలుపులు మొదలయ్యాయి. భోజనాల బల్ల చివర, కారప్పొడి సీసాలు అవతలికి జరిపి, నడుము వెనక దిండు పెట్టుకుని, సువర్చల చదువరి కండువా మెడలో వేసుకుంది. కండువా లేకపోతే తూనిక తలుపు తియ్యదు. కండువా కింద నైటీ ఉందా, పట్టుచీర ఉందా అన్నది దానికి అక్కర్లేదు.

ఆమె ఉద్యోగం నడక చదవడం. మనుషుల నడక కాదు, జబ్బు నడక. హెచ్ఐవీ సోకినవాళ్లు వీధి చివర రక్తపుగూట్లో వేలు పెట్టి ఒక చుక్క ఇస్తారు. తూనిక వాళ్ల కావలి జన్యువులు చదివి, ఆ ఒంట్లో జబ్బు ఎంత వేగంగా నడుస్తుందో చెబుతుంది. ఉరుకు, నడక, నిలకడ, ఇవీ తరగతులు. పాత మాత్రలకు వైరస్ లొంగడం మానేశాక మిగిలింది నిల్వసూది ఒక్కటే. ఒకసారి వేస్తే ఆరు నెలలు కాస్తుంది. అది జిల్లాకు వచ్చేది ఉగ్గుగిన్నెడు. అందుకని ముందు ఉరుకువాళ్లకు, మిగిలితే నడకవాళ్లకు. నిలకడవాళ్లను పుట్టుకతో వచ్చిన జన్యువే ఏళ్ల తరబడి కాస్తుంది కాబట్టి వాళ్లు ఆగాలి. ఇదీ చయనులు గారి సూత్రం. తేల్చేది తూనిక. తేల్చినదాన్ని మనిషి ముఖంతో, మనిషి గొంతుతో చెప్పడానికి చదువరులు. 'ఆగండి' అన్న మాటను నొప్పి తెలియకుండా చెప్పడం ఎలాగో శిక్షణలో నేర్పుతారు. సువర్చలకు ఆ మాట ఇప్పుడు నిద్రలో కూడా వస్తోందట, భర్త మధుకర్ చెప్పాడు. అతను ఉప్పునీటి శుద్ధి కేంద్రంలో పని చేస్తాడు కాబట్టి ఇంట్లో ఉండేది తక్కువ. ఆ తక్కువలోనూ ఆగమనే వినిపిస్తే ఎవరికైనా బాధే.

మొదటి పిలుపు సామర్లకోట నుంచి. ఒక తండ్రి పలకంతా నిండిపోయి నవ్వుతున్నాడు. "మావోడు ఉరుకేనండి! రాత్రే తేలిందంట! సూది వచ్చేత్తాదండి!" చేతిలో కోవా పళ్లెం పట్టుకుని ఒక ముక్క పలకకి చూపించాడు, తినమన్నట్టు. చావు తొందరగా వస్తుందని తేలినందుకు కోవా పంచుకునే రోజులివి. సువర్చల అభినందనలు చెప్పింది. చెప్పాక తనకే ఏదోలా అనిపించి మంచినీళ్లు తాగింది.

రెండో పిలుపు ఒక పెళ్లిళ్ల పేరయ్యది. జబ్బు లేదు, గిబ్బు లేదు. పిల్ల నిలకడ జన్యువు అవునో కాదో ఒక ముక్క చెబితే అవతలివాళ్లు తాంబూలాలు పుచ్చుకుంటారట. "ఇది చదువరి గడపండీ, పెళ్లిపందిరి కాదు," అని పెట్టేసింది.

మూడో పిలుపు సత్యవేణి.

"మేడంగారండీ, నేనండి, సత్తేణిని. మళ్లీ ఇసిగించడానికొచ్చేశానండి."

ఉప్పాడ ఊరు సగం సముద్రంలోకి పోయాక గట్టు మీద కట్టిన కాలనీలో ఉంటుంది సత్యవేణి. జాందానీ చీరలు నేస్తుంది. ఆమె వెనక మగ్గం మీద సగం నేసిన నెమలి ఒకటి ఎప్పుడూ కనబడుతుంది. రెండు నెలలుగా ఆ నెమలికి తోక రావడం లేదు.

"విసుగేముంది సత్యవేణీ. ఎలా ఉన్నావు?"

"బెమ్మాండంగా ఉన్నానండి. పోయిన్నెల జాకెట్లో ఇప్పుడు నాతోపాటు మా ఆడపడుచు కూడా పట్టేద్దండి."

నవ్వింది. నవ్వినప్పుడు పెదాల మూలల్లో పగుళ్లు కనిపించాయి.

"నోట్లో పూత తగ్గిందా?"

"లేదండి. మజ్జిగ పోసుకున్నా మంటేనండి. మగ్గం కాడ కూచుంటే ఆయాసం. నేత్తన్నానో, దగ్గుతున్నానో నాకే తెలవట్లేదు. సూది సంగతేమన్నా తేలిందాండీ? ఈ సాయంత్రంతో పట్టీ మూసేత్తారంట కదా."

నిజమే. దీపాలవేళకు ఈ విడత సూదుల పేర్ల పట్టీ మూతపడుతుంది. మళ్లీ తెరిచేది వానాకాలం వెళ్లాక. సత్యవేణి రక్తకణాల గీత పలక మీద మెట్లు దిగుతున్నట్టు కాదు, మెట్ల మీంచి జారినట్టుంది. దాని పక్కనే తూనిక రాసిన మాట: 'నిలకడ తరగతి. తగ్గుదల తాత్కాలిక ఊగిసలాట. వేచి ఉండవలెను.' పోయిన విడతలోనూ అదే మాట. అంతకుముందూ అదే.

వానాకాలం వెళ్లేదాకా ఈ మనిషి ఉండదు. ఆ సంగతి సువర్చలకు తెలుసు. ఆ నవ్వు చూస్తే సత్యవేణికీ తెలిసినట్టే ఉంది.

"మాయనా నిలకడేనండి," అంది సత్యవేణి. "పదేళ్లు దుక్కలా తిరిగేడండి మనిషి. ఏ మందూ లేదు, మాకూ లేదు. ఆ తర్వాతే కదండీ పడిపోయింది, నిలకడ ఏళ్లు నిండిపోయాయని ఆయనకి సూదిచ్చింది. నాకేటండీ మరి, ఆయన కాణ్ణుంచి తగులుకుని రెండేళ్లు తిరక్కుండానే ఇలాగైపోయేను? ఇద్దరిదీ ఒకటే జన్యువని మీ మిసనే చెప్పింది. అది చెప్పక్కర్లేదనుకోండి. ఆయన మాయమ్మకి సొంత తమ్ముడు. మా పెళ్లిలో మాయమ్మ పెళ్లికొడుకు పక్కన నిలబడాలో, పెళ్లికూతురు పక్కన నిలబడాలో తెలీక నడిమిట్లో కూలబడి ఏడిసిందంట."

సువర్చల నవ్వబోయి ఆగిపోయింది.

"సత్యవేణీ, సాయంత్రం లోపల నేనే పిలుస్తాను. మగ్గం దగ్గర కూర్చోకు. పడుకో."

"పడుకుంటే మరీ బయమేత్తాదండి. సరేలెండి," అని సత్యవేణి వెళ్లిపోయింది.

సువర్చల మిగతా పిలుపులను అరుగు మీద కూర్చోబెట్టింది. అంటే వాళ్లకు పలక మీద వేణునాదం వినిపిస్తుంది. సత్యవేణి కావలిముద్ర, ఆమె భర్త వీర్రాజు కావలిముద్ర పక్కపక్కన తెరిచింది. తర్వాత ఇద్దరి ఒంట్లోని వైరస్ జన్యువుల రాతలు కూడా. చదువరులు అంత లోతుకి వెళ్లనక్కర్లేదు. వెళ్లకూడదని కూడా ఎవరూ చెప్పలేదు. డిగ్రీలో చదివిన సూక్ష్మజీవశాస్త్రం పెరుగు తోడుపెట్టడానికి తప్ప పనికిరాలేదని ఆమెకు చాలాకాలంగా బెంగ.

మనిషి కణాల మీద కొక్కేలుంటాయి. లోపల దొంగ దూరితే వాడి చొక్కాపేలిక ఒకటి చింపి కొక్కేనికి తగిలించి బయటపెట్టడం కణం పని. ఆ పేలికను చూసి కావలి కణాలు వచ్చిపడతాయి. ఎవరి కొక్కేలు ఏ పేలికను పట్టుకుంటాయన్నది అమ్మానాన్నలిచ్చిన జన్యువుల్లో ఉంటుంది. నిలకడవాళ్ల కొక్కేలు గట్టివి. వైరస్ సులువుగా మార్చుకోలేని చోటే పట్టుకుంటాయి. ఆ చోట మార్చుకుంటే దానికి కాలు కుంటుపడుతుంది. అందుకే వాళ్లలో జబ్బు ఏళ్ల తరబడి కూర్చునే ఉంటుంది.

కానీ వైరస్‌కు తొందర లేదు. వీర్రాజు ఒంట్లో అది ఏళ్లపాటు కూర్చుని, ఆ గట్టి కొక్కేనికి చిక్కని చొక్కా ఒకటి కుట్టుకుంది. కుంటికాలికి ఊతకర్ర కూడా చేసుకుంది. రాతలో రెండూ కనబడుతున్నాయి. ఆ తర్వాతే అతను పడిపోయాడు. అదే వైరస్ భార్యలోకి వచ్చింది. వచ్చిన రోజునే దాని ఒంటి మీద ఆ చొక్కా ఉంది, చేతిలో ఆ కర్ర ఉంది. భార్య కొక్కేలు మేనమామ కొక్కేలే. బయటి మనిషిని చేసుకుని ఉంటే, లేదా జబ్బు వేరేచోటినుంచి వచ్చి ఉంటే, సత్యవేణి జన్యువు ఆమెను కాచేదే. వచ్చింది ఇంటిదొంగ. ఇంటిదొంగను ఈశ్వరుడే పట్టలేడంటారు, తూనిక ఏం పడుతుంది?

"తూనికా, ఈమెకు జబ్బు ఎవరినుంచి వచ్చిందో, వాళ్ల కావలీ ఈమె కావలీ ఒకటేనేమో నువ్వు చూశావా?"

"ఆ ప్రశ్న సూత్రములో లేదు."

"చేర్చొచ్చా?"

"సూత్రమును మార్చు అధికారము పూచీదారునకు మాత్రమే కలదు."

జిల్లాలో 'తాత్కాలిక ఊగిసలాట' అన్న మాట కింద ఇంకెందరున్నారో చూద్దామని వేలు పెట్టి జరిపింది. పేర్లు జారుతూనే ఉన్నాయి. వేలు నొప్పెట్టి ఆపేసింది. తాత్కాలికమన్న మాట కింద ఇంతమంది ఉంటారని ఆమె అనుకోలేదు.

మధ్యాహ్నం పూచీదారు గారు బీరకాయ పచ్చడి కలుపుకుంటున్నారు. అత్తగారు లలితాంబ నెయ్యి గిన్నెతో పక్కన నిలబడ్డారు. ఆవిడ కూర్చుని తినరు. ఎందుకంటే, కూర్చుంటే మళ్లీ లేవాలి కదా అంటారు.

"మామయ్యగారూ, ఒక కేసు చూడాలి మీరు," అని మొదలుపెట్టి సువర్చల మొత్తం చెప్పింది. కొక్కేలూ చొక్కాలూ అనకుండా, ఆయనకు నచ్చే మాటల్లోనే చెప్పింది.

ఆయన ముద్ద మింగి, "ఊగిసలాట," అన్నారు.

"సోకినప్పటినుంచీ ఒకవైపే ఊగుతోందండి. అటు కిందికి."

"చూడమ్మాయ్, నువ్వు చదువరివి. చదువు. రాయడానికి వేరేవాళ్లున్నారు. లక్షల రక్తాలు చూసి తేల్చిన సూత్రం అది. ఎక్కడో ఒకావిడ..."

"ఒకావిడ కాదండి. మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లోనూ ఇలాగే ఉండొచ్చు. ఆ ప్రశ్న మనం అడగడమే లేదు."

"మేనరికమా!" చయనులు గారు నవ్వారు. "ఏ కాలంలో ఉన్నావు? ఈ రోజుల్లో మేనమామని చేసుకున్నవాళ్లు ఎక్కడున్నారు?"

"ఎక్కడో ఎందుకు, మీకు నెయ్యి వేస్తున్నాను," అన్నారు లలితాంబ.

సువర్చల తల వంచుకుని అన్నం కెలికింది. పెళ్లై వచ్చిన కొత్తలో అత్తగారు ఆయన్ని ఏదో ధ్యాసలో 'మావయ్యా' అని పిలవడం, ఆయన గుడ్లురమడం తను చూసింది. మామగారి కథనం వేరు. విశ్వవిద్యాలయంలో పరిచయమని, ఇద్దరి అభిరుచులూ కలిశాయని. అత్తగారు విశ్వవిద్యాలయం చూసింది ఒకేసారి, ఆయనకు మరిచిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి.

"నీ సంగతి ఎవరడిగారు?" అన్నారు చయనులు గారు, పళ్లెంకేసి చూస్తూ.

"అదేగా. ఎవరూ అడగలేదు. మొదట మీ సూత్రంలో ఆ ప్రశ్న ఉండేది. 'దంపతులు రక్తసంబంధీకులా' అని నాకు పైకి చదివి వినిపించారు కూడా. ఏడూళ్ల అవతల సభకు వెళ్లొచ్చాక తీసేశారు."

"ఏడూళ్లు కాదు, జెనీవా!"

"అదే, ఏడూళ్లు దాటితే అన్నీ ఒకటే నాకు."

"అక్కడ ఆ ప్రశ్న చూసి వాళ్లు ఎలా నవ్వారో నీకేం తెలుసు? మా దేశంలో అక్క కూతుళ్లను చేసుకుంటామని దండోరా వేసుకోమంటావా? పోయే ఆచారం ఎలాగూ పోతోంది. ఆ ప్రశ్న ఉంచితే ఇంకో వందేళ్లు మనల్ని అడవి మనుషుల్లా చూస్తారు." మజ్జిగ పోసుకోకుండానే ఆయన పళ్లెంలో చెయ్యి కడిగేసుకున్నారు. "ఇహ ఈ విషయం ఎత్తొద్దు."

ఆయన గది తలుపు వేసుకున్నాక లలితాంబ వచ్చి కుర్చీలో కూర్చున్నారు. కూర్చోవడం అరుదు కాబట్టి సువర్చల తల ఎత్తింది.

"ఆ పిల్ల బతకదా?"

"ఈ సాయంత్రం పేరు చేరకపోతే బతకదు అత్తయ్యా."

"నువ్వేమీ చెయ్యలేవా?"

"అడ్డుమాట అని ఒకటుంది. ఈ సూత్రం తప్పని చదువరి నోటితో అంటే, తూనిక ఉన్నపళంగా ఆగిపోతుంది. సూత్రం రాసినవాళ్లు వచ్చి, బాధితురాలు వింటుండగా, నోటితో జవాబు చెప్పాలి. ఒప్పని చెబితే మళ్లీ నడుస్తుంది, నా కండువా పోతుంది. తప్పని చెబితే ఆవిడ పేరు ముందుకొస్తుంది, నిలకడవాళ్లందర్నీ మళ్లీ చదువుతారు. ఇంతవరకు ఎవరూ అనలేదు."

"కండువా పోతే పోయింది. నడుం నొప్పైనా తగ్గుతుంది."

"కండువా గురించి కాదు. తూనిక ఆగితే ఈ సాయంత్రం చేరాల్సిన ఉరుకువాళ్ల పేర్లు కూడా ఆగుతాయి. మామయ్యగారు మొండికేసి నోరు విప్పకపోతే పట్టీ మూతపడుతుంది. సత్యవేణితోపాటు వాళ్లూ పోతారు. పొద్దున్న కోవా చూపించిన ఆయన కొడుకు కూడా వాళ్లలో ఉన్నాడు."

లలితాంబ చీరకొంగుతో బల్ల మీద లేని మరక తుడిచారు. "ఆయన మొండివాడే. పుట్టినప్పటినుంచి తెలుసు. అంటే, నేను పుట్టినప్పటినుంచి," అని లేచారు. అది ధైర్యం చెప్పడమో, హెచ్చరించడమో సువర్చలకు తేలలేదు.

అరుగు మీద కూర్చోబెట్టినవాళ్లందర్నీ పిలిచి, అందరికీ ఆగమని చెప్పింది. ఒకాయన ఆగలేనన్నాడు. ఒకావిడ ఆగి ఆగి కాళ్లు పడిపోయాయంది. వీళ్లందరి ముందూ తను రోజూ కూర్చుని చేసే పని ఏమిటో సువర్చలకు ఇవాళ తేటగా కనబడింది. జల్లెడ పట్టుకుని నిలబడ్డ మనిషి, రంధ్రాలు తను చెయ్యలేదని చెప్పుకుంటూ. పొద్దు కిటికీ ఊచలు దాటి బల్ల మీదకు వచ్చింది.

సత్యవేణిని పిలిచింది. ఆమె పడుకునే ఉంది. పలకను భర్త వీర్రాజు పట్టుకున్నాడు. అతను చేతులు మార్చుకుంటూంటే సత్యవేణి ముఖం అటూ ఇటూ ఊగుతోంది.

"సరిగ్గా పట్టుకో మాఁవా, మేడంగారికి నా ముక్కే కనబడతాంది," అంది సత్యవేణి.

సువర్చల వీపు నిటారుగా పెట్టింది. నొప్పి కలుక్కుమంది.

"తూనికా. అడ్డుమాట."

పలక అంది: "మరల చెప్పుడు."

"నిలకడ సూత్రం తప్పు. నేను అడ్డుమాట అంటున్నాను."

పేర్ల పట్టీ ఉన్నచోటే బిగుసుకుపోయింది. అమలాపురం చదువరి నుంచి ఒక వార్త వచ్చింది: 'అక్కా, నా పలక ఆగిపోయింది. మీకు కరెంటుందా?' తుని నుంచి ఇంకొకటి. ఆ తర్వాత వరసపెట్టి వచ్చాయి.

అప్పుడు ఇంట్లో ఉన్న పలకలన్నీ ఒక్కసారిగా మాట్లాడాయి. హాల్లోది, పడకగదిలోది, చివరికి స్నానాలగదిలో నీళ్ల వేడి చూపించేది కూడా. "పూచీదారు చయనులు గారు సమక్షమునకు రావలెను. పూచీదారు చయనులు గారు సమక్షమునకు రావలెను."

ఆయన గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్న చొక్కాతో వచ్చారు. "ఏమిటిది? ఇంట్లో మనిషివి, ఒక్క మాట చెప్పకుండా నా సూత్రానికే..."

"మధ్యాహ్నం చెప్పానండి. మీరు చెయ్యి కడుక్కున్నారు."

"తీసెయ్! అడ్డుమాట వెనక్కి తీసుకో!"

"వెనుకకు తీసుకొను వీలు లేదు," అంది తూనిక. పొద్దున ఆయన్ని మురిపించిన గొంతే. "సూత్రము ఒప్పో తప్పో పూచీదారు నోటితో తెలుపవలెను. పట్టీ మూతపడుటకు సమయము సమీపించినది."

సువర్చల లేచి తన కుర్చీ ఆయనకు ఇచ్చింది. పలక మీద రెండు కావలిముద్రలు, రెండు వైరస్ రాతలు. ఆయన కూర్చోలేదు. నిలబడే చూశారు. తర్వాత కూర్చున్నారు. కళ్లజోడు ముక్కు మీదికి తోసుకుని, వీర్రాజు రాతలో ఒక చోట వేలుపెట్టి, ఆ వేలును అలాగే సత్యవేణి రాతలోకి జరిపారు. మళ్లీ వెనక్కి జరిపారు. కోపం ముఖంలోంచి మెల్లగా దిగిపోయింది. దాని కింద ఉన్నది చాలా అలిసిపోయిన ముసలి ముఖం.

"ఇది ఎవరు పట్టుకున్నారు?"

"నేనేనండి."

"ఊఁ," అన్నారు. ఈ ఇంటికొచ్చాక ఆమెకు దక్కిన మొదటి మెప్పు అదే అయ్యుండాలి.

ఆయన గొంతు సవరించుకున్నారు. "తూనికా, ఈ అమ్మాయిని ప్రత్యేక కేసుగా పట్టీలో చేర్చు. సూత్రం అలాగే ఉండనీ."

"ప్రత్యేకము అను తరగతి లేదు. పక్షపాతమునకు తావిచ్చునని మీరే తొలగించితిరి."

"అయితే రాసుకో. ఆనాటి కమిటీ అందుబాటులో ఉన్న సమాచారాన్ని బట్టి..."

"కమిటీ రద్దయినది. జీవించియున్న పూచీదారు మీరొక్కరే. ఒప్పా, తప్పా?"

ఆయన తప్పిన గుండీ విప్పి మళ్లీ పెట్టుకోసాగారు. కిటికీ బయట నౌకాశ్రయం దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. సువర్చల బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. సామర్లకోట కుర్రాడి పేరు, ఇంకెవరెవరివో పేర్లు, పట్టీ గుమ్మం దగ్గర ఆగి ఉన్నాయి. తన నోటిమాటే వాళ్లను అక్కడ ఆపింది. లలితాంబ ఎప్పుడు వచ్చారో, తలుపు చెక్కకు ఆనుకుని నిలబడ్డారు. ఆవిడ ఆయన్ని చూడడం లేదు. పలకలో ఉన్న ఇద్దరినీ, భార్య తలకింద సరిగ్గా దిండు పెట్టడం చేతకాక తిప్పలు పడుతున్న ఆ మేనమామనూ చూస్తున్నారు.

"పెద్దాయనగారండీ," అంది సత్యవేణి. దగ్గు వచ్చి ఆగింది. "నాకివన్నీ అర్తం కాలేదండి. ఒకటి మాత్రం అడుగుతానండి. పొద్దున్న మేనరికం మాట ఎత్తగానే మేడంగారి మొకం మారిపోయింది. మా మాఁవని చేసుకోటం తప్పైపోయిందాండీ? అందుకేనాండీ నాకు సూది ఇవ్వంది?"

వీర్రాజు చెయ్యి దిండు మీద ఆగిపోయింది. అతను తల దించుకున్నాడు.

చయనులు గారు అంతసేపూ తూనిక గొంతు వచ్చే వైపు చూస్తున్నారు. ఇప్పుడు మొదటిసారి సత్యవేణిని చూశారు. చాలాసేపు చూశారు.

"కాదమ్మా," అన్నారు. "నువ్వు చేసింది తప్పు కాదు. మీ ఆయనదీ కాదు. మీ ఇళ్లల్లో ఎవరు ఎవర్ని చేసుకుంటారో అడిగి ఉంటే ఈ సూత్రం నిన్ను పట్టుకునేది. అడగొద్దని చెప్పింది నేను." వెనక్కి తిరక్కుండానే తలుపు వైపు చెయ్యి చూపించారు. "ఈవిడ మా అక్క కూతురు. నేనూ మేనమామనే. పదిమందిలో చెప్పుకోవడానికి నాకు సిగ్గేసింది. నన్నెవరూ అడక్కూడదని, ఎవర్నీ అడక్కుండా చేశాను."

"సూత్రము ఒప్పా, తప్పా?" అంది తూనిక.

"ఆగవే, చెబుతున్నాను," అన్నారాయన దానికేసి చూడకుండానే. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, సత్యవేణితోనే అన్నారు: "తప్పమ్మా. కమిటీది కాదు, మిషన్‌ది కాదు. నేనే తప్పు చేశాను."